సైట్ పెట్టకముందే యాడ్ల మీద ఎంతొస్తుందో కీవర్డ్‌లతో లెక్క వేసుకోవడం ఎలా: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్ళ కోసం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జేపూర్ వైపు మన తెలుగు కుర్రాళ్ళు చాలామందికి ఈమధ్య సైట్ పెట్టాలని ఉంది, కొందరు పెట్టేశారు కూడా. కానీ ముందు డొమైన్ కొనేసి, థీమ్‌లు మార్చుకుంటూ కూర్చుని, బోలెడు ఆర్టికల్స్ రాసేశాక అప్పుడు అడుగుతారు, దీని మీద యాడ్‌సెన్స్ (మన సైట్‌లో యాడ్లు చూపించి గూగుల్ డబ్బిచ్చే పద్ధతి) నెలకి ఎంతొస్తుంది అని. ఆ లెక్కేదో డొమైన్ కొనకముందే వేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోద్ది. పక్కా నంబర్ రాదు, అది ఎవడికీ రాదు, కానీ ఈ టాపిక్ మీద వేలొస్తాయా వందలొస్తాయా టీ డబ్బులైనా వస్తాయా అన్నది మాత్రం తేలిపోద్ది.

లెక్క మొత్తం నాలుగు ముక్కలే. నెలకి ఎంతమంది వెతుకుతున్నారు, అందులో మన పేజీ దాకా ఎంతమంది వస్తారు, వచ్చినవాళ్ళు తలా ఎన్ని పేజీలు చూస్తారు, వెయ్యి పేజీలు చూస్తే మనకి ఎంత పడుతుంది. ఈ చివరిదాన్నే ఆర్‌పీఎం అంటారు. నాలుగూ గుణించి వెయ్యితో భాగిస్తే నెల ఆదాయం. అందరూ మొదటిదాని దగ్గరే ఆగిపోతారు, "నెలకి పదివేల సెర్చ్‌లు ఉన్నాయిరా" అని ఎగిరి గంతేస్తారు, కానీ సంతలో జనం ఎక్కువున్నంత మాత్రాన బేరం ఎక్కువని కాదు కదా. ఆ జనానికి ఏదో ఒకటి అమ్ముదామని డబ్బు పెట్టి యాడ్ ఇచ్చేవాడు ఉండాలి. జనం గూగుల్‌లో కొట్టే మాటలే కీవర్డ్‌లు, కీవర్డ్ రీసెర్చ్ అంటే నా దృష్టిలో సగం వెతికేవాళ్ళని చూడటం, మిగతా సగం యాడ్ ఇచ్చేవాణ్ణి వెతకడం.

మొదటే టూల్ (గూగుల్ కీవర్డ్ ప్లానర్, దాని సంగతి కింద చెప్తాను) ఓపెన్ చెయ్యకండి, ఒక నోట్‌బుక్ తీసుకోండి. మీ టాపిక్ ఏదైనా సరే, మీ ఇంట్లోవాళ్ళు, ఫ్రెండ్స్, షాపులో పనిచేసే అబ్బాయి దాని గురించి ఫోన్‌లో ఏమని కొడతారో అడిగి రాసుకోండి. ఒక్కో మాటని మూడు రకాలుగా రాయాలి: తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా, అచ్చంగా ఇంగ్లీషులో. ఇది వేరే ఊళ్ళవాళ్ళ కన్నా మనకి ఎక్కువ అవసరం, ఎందుకంటే ఇక్కడ చాలా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు గానీ పిల్లలు చదివింది ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో, తెలుగు చదవడం రాదు. వాళ్ళు వాయిస్‌లో అడుగుతారు, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. మీరు తెలుగు లిపిలో సైట్ పెడితే దాన్ని చదివేది ఎక్కువగా ఇచ్ఛాపురం, సోంపేట, పలాస అటువైపు జనం అన్నమాట. అంటే టాపిక్ బరంపురందే అయినా పాఠకుడు శ్రీకాకుళం జిల్లావాడు, అతనికి కనపడే యాడ్ కూడా అతను ఉన్న చోటుని బట్టే వస్తుంది. ఎవరి కోసం రాస్తున్నామో ఇక్కడే తేల్చుకోకపోతే తర్వాత వేసే లెక్కలన్నీ గాలిలోవే.

తర్వాత మన పాత సెర్చ్‌ల ప్రభావం పడకుండా ఇన్‌కాగ్నిటో విండోలో గూగుల్ తెరిచి ఆ మాటలు ఒక్కొక్కటీ కొట్టి, స్పేస్ ఇచ్చి ఆగండి, కింద వచ్చే సజెషన్స్ రాసుకోండి. "బరంపురం పట్టు చీర" అని ఆగితే ధర, షాపు, ఆన్‌లైన్ లాంటి తోకలు వస్తాయేమో చూడండి. ధర, ఎక్కడ దొరుకుతుంది, ఏది మంచిది, ఫీజు, లోన్, అప్లై లాంటి తోకలున్న మాటల దగ్గర చుక్క పెట్టుకోండి, వాటి వెనక డబ్బు ఖర్చు పెట్టబోయే మనిషి ఉన్నాడు. చరిత్ర, ఫోటోలు, అర్థం, స్టేటస్ లాంటి తోకలున్నచోట జనం ఉంటారు గానీ యాడ్ ఇచ్చేవాడు పెద్దగా ఉండడు.

ఇప్పుడు మన ఏరియాకే ఉన్న పెద్ద తలనొప్పి: ఊళ్ళ పేర్లు. బరంపురాన్ని ఇంగ్లీషులో బెర్హంపూర్ అంటారు, సర్కారీ పేరు బ్రహ్మపుర్. అదే సమయంలో పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బహరంపూర్ ఉంది, ఇంగ్లీషు స్పెల్లింగ్ దాదాపు ఇదే. మీరు "బెర్హంపూర్ హాస్పిటల్" అని టూల్‌లో వేస్తే వచ్చే సెర్చ్‌లలో బెంగాల్ వాళ్ళవి ఎన్నో మనవి ఎన్నో విడిగా చూపించదు. రాయగడది ఇంకా ఘోరం, మహారాష్ట్రలో రాయ్‌గడ్ ఉంది, ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్ ఉంది, శివాజీ కోట కోసం వెతికేవాళ్ళూ జిందాల్ స్టీల్ ఉద్యోగాల కోసం వెతికేవాళ్ళూ తప్పు స్పెల్లింగ్‌తో మన రాయగడలోకి వచ్చి పడతారు. జేపూర్ సంగతి చెప్పక్కర్లేదు, రాజస్థాన్ జైపూర్ పక్కన మన కొరాపుట్ జిల్లా జేపూర్ ఎంత, ఒక్క అక్షరం తేడాతో కొట్టే టూరిస్టుల గుంపు చాలు మీ లెక్కని పాడు చెయ్యడానికి. పర్లాకిమిడికి ఈ బాధ లేదు, ఆ పేరు ఇంకెక్కడా లేదు, కానీ పారలాఖెముండి, పర్లాఖిముండి, పర్లాకిమిడి అని నాలుగైదు స్పెల్లింగ్‌లు తిరుగుతున్నాయి కాబట్టి అన్నీ విడివిడిగా చూడాలి.

దీనికి మందు ఏటంటే, ఊరి పేరు ఒంటరిగా ఎప్పుడూ వెయ్యొద్దు, పక్కన మనదే అయిన ఇంకో మాట తగిలించండి. బెర్హంపూర్‌తో ఎంకేసీజీ (మెడికల్ కాలేజీ), గోపాల్‌పూర్, గంజాం, రాయగడతో మజ్జిగౌరి (గుడి), జేకే పేపర్, జేపూర్‌తో కొరాపుట్, దుడుమ (జలపాతం), దేవమాలి (కొండ). అలాగే టూల్‌లో లొకేషన్ ఇండియా అని వదిలెయ్యకుండా ఒకసారి ఒడిశా, ఒకసారి ఆంధ్రప్రదేశ్ అని మార్చి చూడండి. రెండు రాష్ట్రాలు కలిపి వచ్చే సంఖ్యకీ మొత్తం ఇండియా సంఖ్యకీ మధ్య ఆకాశం భూమి తేడా ఉంటే ఆ కీవర్డ్‌లో వేరే ఊరు కలిసిపోయినట్టే, దాన్ని కొట్టెయ్యండి.

టూల్ అంటే గూగుల్ కీవర్డ్ ప్లానర్, గూగుల్ యాడ్స్ (ఇది యాడ్ ఇచ్చేవాళ్ళది, మన యాడ్‌సెన్స్ వేరు) అకౌంట్ లోపల ఉంటుంది. అకౌంట్ తెరిచేటప్పుడు అది యాడ్ నడిపించమని వెంటపడుతుంది, క్యాంపెయిన్ లేకుండా అకౌంట్ పెట్టుకునే దారి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, స్క్రీన్ అప్పుడప్పుడు మారుస్తారు కాబట్టి కాస్త వెతుక్కోండి. లోపల టూల్స్‌లో ప్లానింగ్ కింద కీవర్డ్ ప్లానర్ కనిపిస్తుంది. అక్కడ రెండు తలుపులు, ఒకటి కొత్త కీవర్డ్‌లు కనుక్కోవడానికి, రెండోది మన దగ్గరున్న లిస్టుకి సంఖ్యలు తెచ్చుకోవడానికి. మొదటిదాంట్లో మాటలకి బదులు ఒక సైట్ అడ్రస్ కూడా ఇవ్వొచ్చు, మీ టాపిక్ మీద ఇప్పటికే నడుస్తున్న సైట్ ఇస్తే దానికి సరిపోయే కీవర్డ్‌ల జాబితా పడేస్తుంది, ఇది చాలామందికి తెలీదు, అవతలివాడి సైట్‌కి ఎంతొస్తుందో అంచనా వెయ్యడానికి కూడా ఇదే మొదటి మెట్టు.

యాడ్స్ మీద డబ్బు పెట్టని అకౌంట్‌కి అది ఖచ్చితమైన సంఖ్య చూపించదు, 100 నుంచి 1,000, 1,000 నుంచి 10,000 అని రేంజ్ చూపిస్తుంది. మన ఆశ ఎప్పుడూ పైదాని మీదకే పోద్ది, మీరు మాత్రం కింది సంఖ్యకి కాస్త పైన, ఉదాహరణకి 100–1,000 అంటే 200 లేదా 300 అని వేసుకోండి. ఇంకోటి, దగ్గరదగ్గర మాటలని అది ఒకే గుంపుగా లెక్కేస్తుంది, "పట్టు చీర" "పట్టు చీరలు" రెండింటికీ ఒకే సంఖ్య చూపిస్తే రెండూ కూడకండి, ఒక్కటే. ఈ డబుల్ కౌంటింగ్ వల్లే చాలా ఎక్సెల్ షీట్లలో లక్షలు కనపడతాయి.

ఆ పట్టికలో కాంపిటీషన్ అనే గడి ఉంటుంది, లో, మీడియం, హై అని. అది యాడ్ ఇచ్చేవాళ్ళ మధ్య పోటీ, గూగుల్‌లో పైకి రావడానికి పడే పోటీ కాదు. హై అని చూసి భయపడి వదిలేస్తుంటారు, నిజానికి మనకి అది శుభవార్త. దాని పక్కన టాప్ ఆఫ్ పేజ్ బిడ్ అని రెండు గడులు, ఒకటి లో రేంజ్ ఇంకోటి హై రేంజ్. సెర్చ్ పేజీలో పైన కనపడటానికి యాడ్ ఇచ్చినవాళ్ళు ఇదివరకు ఒక క్లిక్‌కి ఎంత పెట్టారో చెప్పేది ఇది. అసలు తప్పు జరిగేది ఇక్కడే: హై రేంజ్ 30 రూపాయలు చూపిస్తే, నా సైట్‌లో వంద క్లిక్‌లు పడితే మూడు వేలు అని లెక్కేస్తారు. కాదు. అది గూగుల్ సెర్చ్ పేజీ మీద రేటు, మీ సైట్ మీద పడే బ్యానర్ రేటు కాదు, సాధారణంగా మన బ్యానర్ దానికంటే చాలా చవక. పైగా మీ పేజీలో యాడ్ కేవలం మీ టాపిక్‌ని బట్టే రాదు, చదివే మనిషి ఇంతకుముందు ఏం వెతికాడో దాన్ని బట్టి కూడా వస్తుంది, మజ్జిగౌరి గుడి పేజీ చదువుతున్న మనిషికి కారు లోన్ యాడ్ కనపడొచ్చు. అందుకని బిడ్ సంఖ్యని రూపాయలుగా తీసుకోవద్దు, ఒక టాపిక్‌తో ఇంకో టాపిక్‌ని పోల్చడానికి మాత్రమే వాడండి. పట్టు చీరకి 4, సోలార్‌కి 25 అని చూపిస్తే సోలార్ పేజీ మీద వెయ్యికి ఎక్కువ పడే అవకాశం ఉంది, అంతవరకే.

అలాగే గూగుల్ మొత్తం మనకి ఇచ్చెయ్యదు. చాలా ఏళ్ళు యాడ్‌సెన్స్‌లో పబ్లిషర్ (అంటే సైట్ నడిపేవాడి) వాటా 68 శాతం, 2024 నుంచి లెక్క విడగొట్టారు, యాడ్ కొనే ప్లాట్‌ఫామ్ తన ఫీజు తీసుకోగా మిగిలినదాంట్లో 80 శాతం మనకి, గూగుల్ యాడ్స్ నుంచి వచ్చే యాడ్ అయితే చివరికి అటూఇటూగా అదే 68 దగ్గర తేలుతుంది. అప్పుడే క్లిక్ లెక్క నుంచి ఇంప్రెషన్ (యాడ్ ఎన్నిసార్లు కనపడింది) లెక్కకి మారింది కూడా, అంటే పాత వీడియోల్లో చెప్పే "క్లిక్ రేటు (నూటికి ఎంతమంది నొక్కారు) ఇంటూ సీపీసీ (ఒక క్లిక్‌కి ఎంత)" ఫార్ములా కన్నా ఆర్‌పీఎం పట్టుకుని వెళ్ళడమే నయం. తెలుగు పేజీలకి యాడ్‌సెన్స్ 2018 నుంచి ఉంది. ఒడియాలో కూడా రాద్దాం అనుకునేవాళ్ళు మాత్రం రాయకముందు యాడ్‌సెన్స్ సపోర్ట్ చేసే భాషల జాబితా తెరిచి చూసుకోండి, రాసేశాక కాదు.

నెలల తేడా కూడా చూడాలి. ప్లానర్ చూపించేది సగటు, ఏడాదిలో ఒక్క నెలే వెలిగే కీవర్డ్ కూడా సగటులో బాగానే కనపడుతుంది. గూగుల్ ట్రెండ్స్‌లోకి వెళ్ళి ఒడిశా, ఆంధ్ర విడిగా పెట్టి ఐదేళ్ళ గ్రాఫ్ చూడండి. పన్నెండు నెలలు చాలదా అంటే, మన బరంపురం ఠాకురాణి యాత్రే చూడండి, అది రెండేళ్ళకోసారి, 2023లో అయింది, 2025లో అయింది. యాత్ర జరిగిన ఏడాది గ్రాఫ్ చూసి సైట్ మొదలెడితే పై ఏడాదంతా ఈగలు తోలుకోవాలి. రాయగడ రైల్వే డివిజన్ కూడా అలాంటిదే, 2019లో ప్రకటన వచ్చినప్పుడు ఒకసారి, 2025 జనవరిలో శంకుస్థాపనప్పుడు ఒకసారి జనం వెతికారు, మధ్యలో ఎవరికి కావాలి. ట్రెండ్స్‌లో కనపడే 100 అంటే వంద సెర్చ్‌లు కాదు సుమా, ఆ గ్రాఫ్‌లో అన్నిటికన్నా పైకెళ్ళిన సమయాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపిస్తుంది, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవడో ఒకడు మళ్ళీ అడుగుతాడు.

తర్వాత మీ లిస్టులో మంచివి అనుకున్న కీవర్డ్‌లు ఒక్కొక్కటీ గూగుల్‌లో కొట్టి పేజీని కళ్ళారా చూడండి, ఫోన్‌లోనే, ఎందుకంటే మన పాఠకుడు ఫోన్‌లోనే ఉంటాడు. పైన యాడ్‌లు ఉన్నాయా? ఉంటే ఎవరివి? రెండు మూడు కంపెనీలు కొట్టుకుంటుంటే ఆ టాపిక్‌లో డబ్బు తిరుగుతోంది. గూగులే పైన సమాధానం చెప్పేస్తోందా? "బరంపురం నుంచి విశాఖ రైలు టైమ్" అంటే అక్కడికక్కడే చూపించేస్తుంది, మీ పేజీ దాకా ఎవడొస్తాడు. 2024 నుంచి మన దేశంలో ఏఐ సమాధానాలు కూడా పైన వచ్చి కూర్చుంటున్నాయి, ఒక్క ముక్కలో జవాబు అయిపోయే ప్రశ్నలన్నీ లెక్కలోంచి తీసెయ్యడమే మంచిది. ప్రభుత్వ సైట్లూ పెద్ద పేపర్లూ మొదటి పేజీ నిండా ఉంటే వాటిని తోసుకుని వెళ్ళడం కొత్త సైట్ వల్ల కాదు. అలా కాకుండా నాలుగేళ్ళ కిందటి పాత పేజీలు, కోరా (Quora) జవాబులు, సంబంధం లేని వీడియోలు కనపడితే ఆ సందులోంచి దూరొచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. కింద చెప్పే సంఖ్యలు పద్ధతి చూపించడానికి నేను అనుకున్నవి, మీ టాపిక్‌కి మీవి పెట్టుకోండి. టాపిక్ ఒకటి, బరంపురం పట్టు. జీఐ ట్యాగ్ ఉన్న చీర, ఫోడా కుంభ అనే డిజైన్ అంచు, పెళ్ళిళ్ళకి కొంటారు, టాపిక్‌గా చాలా బాగుంటుంది. బెంగాల్ కలిసిపోయినవి, డబుల్ అయినవి తీసేశాక నెలకి 4,000 సెర్చ్‌లు మిగిలాయనుకుందాం. కొత్త సైట్‌కి అందులో నూటికి పది వస్తే సంతోషించాలి, 400 మంది. తలా ఒకటిన్నర పేజీ, 600 పేజీలు. వెయ్యికి 40 రూపాయలు అనుకుంటే నెలకి 24 రూపాయలు. అవును, ఇరవై నాలుగే. సున్నా ఏం మర్చిపోలేదు.

టాపిక్ రెండు, ఇంటి మీద సోలార్. పీఎం సూర్య ఘర్ స్కీమ్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది, 3 కిలోవాట్లు ఆ పైన పెట్టుకుంటే కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు. మన దక్షిణ ఒడిశా జిల్లాలకి కరెంటు ఇచ్చేది టీపీఎస్‌ఓడీఎల్, అందులో అప్లై ఎలా చెయ్యాలి, మీటర్ ఎలా మారుస్తారు అన్నది మన మాటలో వివరంగా చెప్పే పేజీ ఉంటే ఎంతమందికి పనికొస్తుందో, ఒడియా ఫారమ్ చేతికిస్తే తెల్లమొహం వేసే తెలుగు ముసలాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. ఇక్కడ కూడా 4,000 సెర్చ్‌లే అనుకోండి, కానీ పోటీ గట్టిది కాబట్టి నూటికి ఏడే వస్తాయి, 280 మంది, 420 పేజీలు. సోలార్ కంపెనీలు, బ్యాంకులు యాడ్లు ఇస్తాయి కాబట్టి వెయ్యికి 150 అనుకుందాం. నెలకి 63 రూపాయలు. తక్కువ మంది వచ్చినా రెండున్నర రెట్లు.

రెండూ నవ్వొచ్చే సంఖ్యలే, కానీ నిరాశ పడి మూసెయ్యకుండా ఇక్కడి నుంచే ఉల్టా లెక్క వెయ్యండి. యాడ్‌సెన్స్ డబ్బు బ్యాంకుకి పంపాలంటే అకౌంట్‌లో కనీసం 100 డాలర్లు చేరాలి, మన డబ్బుల్లో ఎనిమిది వేల పైమాటే. నెలనెలా ఎనిమిది వేలు కావాలంటే సోలార్ లాంటి టాపిక్‌లు దగ్గరదగ్గర 130 కావాలి, చీర లాంటివైతే 330 పైగా. ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగండి, నేను 130 రాయగలనా, ఎన్నాళ్ళలో, అసలు ఈ లైన్‌లో అన్ని టాపిక్‌లు ఉన్నాయా. కీవర్డ్ రీసెర్చ్ నిజంగా తేల్చేది ఈ ప్రశ్ననే. మజ్జిగౌరి గుడి మీద ఎంత సాగదీసినా ఓ పదిహేను పేజీలు దాటవు. అదే "ఒడిశాలో ఉండే తెలుగువాళ్ళకి కాగితాల పనులు" అని పెట్టుకుంటే సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్‌లు, భూమి రికార్డులు, ఆరోగ్య కార్డులు, కాలేజీ అడ్మిషన్లు, కరెంటు, బ్యాంకు అంటూ ఊరుతూనే ఉంటాయి, కొన్నిటికి యాడ్ రేటు కూడా బాగుంటుంది.

వెయ్యికి 40, 150 అన్నవి నాకు ఎక్కడివి అంటారా, మీరు నమ్మక్కర్లేదు, మీ సొంతవి తెచ్చుకోండి. యాడ్‌సెన్స్ హోమ్ పేజీలోనే ఒక క్యాలిక్యులేటర్ ఉంది, ప్రాంతం, టాపిక్ కేటగిరీ ఇస్తే ఏడాదికి ఎంతో చూపిస్తుంది. అది కాస్త ఆశ పెట్టే సంఖ్యే, ఇండియా భాషల సైట్ అయితే అందులో చిన్న భాగమే తీసుకోండి. ఇంతకన్నా మంచి దారి, ఇలాంటి టాపిక్ మీద సైట్ నడుపుతున్న స్నేహితుడెవరైనా ఉంటే అతని పేజ్ ఆర్‌పీఎం అడగండి, మొత్తం ఆదాయం అడిగితే ఎవరూ చెప్పరు, ఆర్‌పీఎం అడిగితే చెప్తారు. ఒకటి గుర్తుంచుకోండి, అమెరికాలో ఉన్న మనవాళ్ళు చదివితే అదే పేజీకి రేటు మారిపోద్ది, ప్లానర్‌లో లొకేషన్ అమెరికా పెట్టి అదే కీవర్డ్ బిడ్ చూడండి మీకే అర్థమవుద్ది. అమెరికావాళ్ళు రాయగడ కరెంటు బిల్లు గురించి వెతకరు గానీ, బరంపురం పట్టు చీర అసలుదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి అని వెతకొచ్చు. లెక్కలు వేసుకునే మీ ఎక్సెల్ షీట్‌లో ఆ వరస విడిగా పెట్టండి.

చీర టాపిక్ నెలకి 24 రూపాయలు అన్నాం కదా, అదే 400 మందిని చూపించి బరంపురంలో ఒక పట్టు షాపు ఓనర్‌ని నెలకి 500 ఇమ్మని అడగండి. ఆ 400 మందీ అతను అమ్మే సరుకునే వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. చిన్న ఊళ్ళ సైట్లకి యాడ్‌సెన్స్ కన్నా ఇలా నేరుగా తెచ్చుకునే యాడే ఎక్కువ ఇస్తుందని నా అభిప్రాయం, అందుకని షీట్‌లో ప్రతి టాపిక్ పక్కన ఇంకో గడి గీసి, దీనికి మా ఊళ్ళో ఎవరు డబ్బులిస్తారు అని షాపుల పేర్లు రాయండి. ఆ గడి ఖాళీగా ఉండి, ప్లానర్‌లో బిడ్ కూడా ఖాళీగా ఉంటే ఆ టాపిక్ ఇష్టం కొద్దీ రాసుకోండి, డబ్బు కోసం వద్దు.

సైట్ మొదలెట్టిన రోజే గూగుల్ సెర్చ్ కన్సోల్‌కి (మన సైట్ గూగుల్‌లో ఎలా కనపడుతోందో చూపించే టూల్) కలిపెయ్యండి, అది ఫ్రీ. మూడు నెలలయ్యాక అందులో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిస్తే ఏ మాటకి ఎన్నిసార్లు కనపడ్డారు, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉన్నారు అన్నీ ఉంటాయి. అప్పుడు మీ షీట్‌లో ఊహించి రాసిన పది శాతం, ఏడు శాతం చెరిపేసి అసలువి వెయ్యండి. ఎక్కువసార్లు కనపడి తక్కువ మంది నొక్కుతున్న మాటలుంటే టైటిల్ మార్చి చూడండి. అసలు కనపడనే కనపడకపోతే ఆ వరస తీసేసి కొత్త టాపిక్ పెట్టండి. యాడ్‌సెన్స్‌లో 10 డాలర్లు చేరాక ఇంటికి పోస్టులో అడ్రస్ సరిచూసే పిన్ నంబర్ వస్తుంది, అడ్రస్ పోస్ట్‌మ్యాన్‌కి అర్థమయ్యేలా వీధి పేరు, పిన్‌కోడ్‌తో ముందే సరిగ్గా పెట్టుకోండి. ఈలోగా ఎంతయిందో చూద్దామని మీ యాడ్ మీద మీరే నొక్కడం, మీ బావ చేత నొక్కించడం లాంటివి చెయ్యకండి, అకౌంట్ పోద్ది.